రెస్పిరేషన్ 20 అని రాసేముందు

(చెన్నైలో ఉద్యోగం చేస్తున్న తెలుగు నర్సులు, చివరి ఏడాది నర్సింగ్ విద్యార్థుల ముందు ఒక వార్డు నర్స్ ఎడ్యుకేటర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని, మాట తీరు పెద్దగా మార్చకుండా రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నైట్ డ్యూటీ దిగి ఇటే వచ్చినవాళ్లు గోడవైపు కూర్చోండి, కునుకు పట్టినా నేనేమీ అనుకోను.

నన్ను పిలిచిన అక్క ఫోన్లో ఒకటే చెప్పింది. "నర్స్ ఎడ్యుకేటర్ అనే ఉద్యోగం ఒకటుందని మా పిల్లలకి తెలీదు, అదేంటో చెప్పండి. సేవ, త్యాగం గురించి మాత్రం వద్దు, అది ప్రతి నర్సెస్ డేకీ వింటూనే ఉన్నారు" అంది. సరే, ఆవిడ మాట మీదే ఉంటాను.

ఈ ఉద్యోగమేంటో మా పిన్నికే ఇంకా అర్థం కాలేదు. "నువ్విప్పుడు నర్సువా, టీచరువా? ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలే?" అంటుంది. (నవ్వులు) హాస్పిటల్లో కూడా చాలామందికి అదే అనుమానం. నాకు పేషెంట్లని ఇవ్వరు. డ్యూటీ లిస్టు వేసేది ఇన్‌ఛార్జ్ సిస్టర్, నేను కాదు. సెలవులు నా చేతిలో లేవు, ఇంక్రిమెంటు అంతకన్నా లేదు. కాలేజీలో పాఠం చెప్పే మేడమ్‌నీ కాదు. మరి రోజంతా ఏం చేస్తానంటే, కొత్తగా చేరిన పిల్లలు పని చేస్తుంటే పక్కన నిలబడతాను. క్యానులా (నరంలోకి మందు ఎక్కించే సన్న గొట్టం) పెడుతుంటే, మందులు తీస్తుంటే, డ్యూటీ దిగేముందు తర్వాతవాళ్లకి హ్యాండోవర్ ఇస్తుంటే, కోపంగా ఉన్న పేషెంటు అటెండర్‌కి ఏదో సర్దిచెబుతుంటే. అవసరమైతే ఒక ప్రశ్న అడుగుతాను, ఎప్పుడో ఒకసారి చెయ్యి పట్టుకుని ఆపుతాను, ఎక్కువసార్లు ఊరికే చూస్తాను. పైనుంచి చూసేవాళ్లకి ఇది పనిలాగే కనపడదు. "మేడమ్ ఖాళీగానే ఉన్నారు కదా, ఈ ఆడిట్ ఫారాలు నింపిపెట్టండి" అంటారు.

క్లాసులు ఉండవని కాదు. చేరిన మొదటి వారంలోనే ఉంటాయి. సీపీఆర్, ఫైర్, చేతులు కడుక్కోవడం, చెత్త ఏ డబ్బాలో వెయ్యాలి, మందుల భద్రత. క్లాసులో మన పిల్లలు బంగారం. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన, చేతులు శుభ్రం చేసుకోవాల్సిన ఐదు సందర్భాలు వరస తప్పకుండా అప్పజెప్పేస్తారు, హ్యాండ్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లయితే 40 నుంచి 60 సెకన్లు అని టకటకా చెప్పేస్తారు. అదే పిల్ల మర్నాడు వార్డులో ఒకే గ్లోవ్స్‌తో మూడో బెడ్ నుంచి నాలుగో బెడ్‌కి వెళ్తుంది. తెలీక కాదు కదా? పరీక్షలో అడిగితే రాసింది కదా? మరి ఆ నిమిషంలో తన చెయ్యి ఎందుకలా వెళ్లింది? నా ఉద్యోగం మొత్తం ఆ ప్రశ్న దగ్గరే ఉంది. తెలియనిదాన్ని చెప్పడం తేలిక, పుస్తకం చాలు. తెలిసినదాన్ని ఆ గంటలో ఎందుకు చెయ్యలేకపోతున్నారో కనుక్కోవడానికే మనిషి కావాలి.

దీనికి ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది మీ అందరి వార్డుల్లో ఈ రాత్రి కూడా జరుగుతుంది.

మీ వార్డులో ఏదో ఒక వైటల్స్ చార్ట్, అదే బీపీ, పల్స్, టెంపరేచర్ రాసే కాగితం, తీసి రెస్పిరేషన్ వరస, అంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో రాసేది, చూడండి. 20, 20, 20, 18, 20, 20. (నవ్వులు) ఆ నవ్వు నాకు తెలుసు. నాయుడుపేట తాతయ్యకి 20, పక్కన పాతికేళ్ల అపెండిక్స్ కుర్రాడికి 20, ఆక్సిజన్ పెట్టుకుని లేచి కూర్చుని ఊపిరి లాగుతున్న అమ్మకి కూడా 20. దేవుడు అందరికీ ఒకే లెక్క రాసినట్టు.

ఇందులో ప్రమాదం ఎక్కడుందో చూడండి. మీలో చాలామంది హాస్పిటళ్లలో ఎర్లీ వార్నింగ్ స్కోర్ వాడుతుంటారు, అంటే ఒక్కో వైటల్ అంకెకి మార్కులు వేసి కలుపుతారు, మొత్తం ఎంత పెరిగితే అంత ప్రమాదం; బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించినదే ఎక్కువమంది తీసుకున్నారు. అందులో రెస్పిరేషన్ 12 నుంచి 20 దాకా ఉంటే మార్కులు సున్నా. 21 నుంచి 24 అయితే 2 మార్కులు. 25, ఆపైన అయితే 3. అంటే మనవాళ్లు కళ్లు మూసుకుని రాసే 20 అనే అంకె సరిగ్గా సున్నా మార్కులొచ్చే గీత చివరన కూర్చుంది.

ఒక పేషెంటుని ఊహించుకోండి. నిన్న పొట్ట ఆపరేషన్ అయింది. రాత్రి రెండింటికి సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 95, దానికి 1. పల్స్ 104, దానికి 1. బీపీ, టెంపరేచర్ బాగానే ఉన్నాయి, మాట్లాడుతున్నాడు. రెస్పిరేషన్ 20 అని రాశారు, సున్నా. మొత్తం 2. ఎవరినీ లేపక్కర్లేదు, మళ్లీ కొన్ని గంటల తర్వాత చూడొచ్చు. ఇప్పుడు అదే మనిషికి పక్కన నిలబడి లెక్కపెడితే 26 వచ్చిందనుకోండి. 3 మార్కులు. మొత్తం 5. ఐదొచ్చిందంటే డ్యూటీ డాక్టర్ వచ్చి చూడాల్సిందే. మనిషి అదే, మంచం అదే, టైమ్ అదే. ఒక్క నిమిషం చూశామా లేదా అన్నదే తేడా. ఒంట్లో ఏదో చెడుతోందంటే చాలామందిలో ముందు కదిలేది ఊపిరే, బీపీ పడిపోవడం ఆ తర్వాతెప్పుడో.

మరి పిల్లలు ఎందుకు లెక్కపెట్టరు? "బద్ధకం మేడమ్, ఈ కాలం పిల్లలు ఫోన్లకి అలవాటుపడ్డారు" అనే సీనియర్లు చాలామందే ఉన్నారు. నేను ఒప్పుకోను. బీపీ మిషన్ అంకె చూపిస్తుంది, పల్స్ ఆక్సీమీటర్ రెండంకెలు చూపిస్తుంది, థర్మామీటర్ కుయ్యిమంటుంది. మామూలు వార్డులో మిషన్ చెప్పని వైటల్ ఇదొక్కటే. దీనికి ఒక నిమిషం ఏమీ చెయ్యకుండా నిలబడాలి. ఇక పొద్దున ఆరు గంటల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆరింటికి వైటల్స్. ఆరింటికే యాంటీబయాటిక్స్. ఆరింటికే షుగర్ చెక్. బ్లడ్ శాంపిల్స్ ఆరున్నరలోపు కిందకి పోవాలి. యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసి ఇన్‌టేక్, అవుట్‌పుట్ టోటల్ వెయ్యాలి. ఏడింటికి డే స్టాఫ్ వచ్చేసరికి రిపోర్ట్ సిద్ధంగా ఉండాలి. మధ్యలో పన్నెండో బెడ్ వాళ్ల అబ్బాయి "సిస్టర్, కాఫీ ఇవ్వొచ్చా" అని నాలుగోసారి అడుగుతాడు. ఈ గంటలో పదిమంది దగ్గర ఒక్కో నిమిషం ఊరికే నిలబడమని క్లాసులో స్లైడ్ వేసి చెప్తే ఎవరు నిలబడతారు? వాళ్ల స్థానంలో ఎవరున్నా 20 అనే రాస్తారు.

అందుకని ఎడ్యుకేటర్ తిట్టడం మానేసి ఆ గంటని చూడాలి. నైట్ పిల్లలతో పాటు పొద్దున్నే అయిదున్నరకి వార్డులో ఉండాలి. ఒక వార్డులో నేను చేసింది, అదీ ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఒప్పుకుంటేనే జరిగింది, ఏంటంటే అర్జెంటు కాని శాంపిల్స్‌ని ఆరింటి గుంపులోంచి బయటికి లాగడం. ల్యాబ్ వాళ్లు ముందు గొణిగారు, తర్వాత అలవాటుపడ్డారు. ఆ కాస్త ఖాళీ దొరికాక పిల్లలకి ఎలా లెక్కపెట్టాలో పేషెంటు పక్కనే చూపించాను. అది కూడా చెప్తాను, ఇప్పుడే నేర్చుకోండి.

ఊపిరి లెక్కపెడుతున్నామని పేషెంటుకి చెప్పకూడదు. చెప్పగానే మనిషి ఊపిరి మార్చేస్తాడు, మీరూ నేనూ అంతే. మణికట్టు పట్టుకుని పల్స్ చూడండి, చూశాక చెయ్యి వదలొద్దు, అలాగే పట్టుకుని కళ్లు మాత్రం ఛాతీ మీదకి తిప్పండి. పెద్దవాళ్లు దుప్పటి మెడదాకా కప్పుకుంటారు, మన ఆడవాళ్లు కొంగు నిండుగా కప్పుకుంటారు, ఛాతీ కనపడదు. అప్పుడు మెడ కింద ఎముక చూడండి, భుజం చూడండి. ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ కండరాలు పైకి లాగుతున్నాయా? ముక్కుపుటాలు విప్పారుతున్నాయా? ఒక వాక్యం పూర్తిగా చెప్పగలుగుతున్నారా, మధ్యలో ఆగుతున్నారా? నిమిషం నిండా చూడండి, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవెయ్యకండి. ఆ నిమిషంలో మీకు రెస్పిరేషన్ ఒక్కటే కాదు, చెమట కనపడుతుంది, డ్రెయిన్‌లో రంగు మారింది కనపడుతుంది, క్యానులా దగ్గర వాపు కనపడుతుంది. నేను ఆ ఒక్క నిమిషం మీద ఇంత పట్టుబట్టేది అందుకే.

ఇక పేర్ల సంగతి. ఇది చెన్నైలో మన తెలుగు పేషెంట్లకే ప్రత్యేకంగా వచ్చే చిక్కు, బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు. నెల్లూరు నుంచి, సూళ్లూరుపేట నుంచి, పుత్తూరు, నగరి వైపు నుంచి మనవాళ్లు ఎంతమంది వస్తారో మీకు తెలుసు. మనకి పేరు ముందు ఇంటిపేరు. ఇక్కడ పేరు ముందు అక్షరం అంటే నాన్న పేరు, పెళ్లయిన ఆడవాళ్లకి ఒక్కోచోట భర్త పేరు. రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో "ఇనిషియల్ ఏంటమ్మా" అని అరవంలో అడుగుతారు, ఈవిడ ఏదో చెప్తుంది, లేకపోతే పక్కనున్న అల్లుడు చెప్తాడు. ఆధార్‌లో ఒకటి, పాత ల్యాబ్ రిపోర్ట్‌లో ఒకటి, మన కేస్ షీట్‌లో ఇంకొకటి. అదే వార్డులో ఇద్దరు రమణమ్మలు ఉన్నారంటే చూసుకోండి ఇక.

దీని మీద మన మర్యాద ఒకటి. "రమణమ్మగారేనా అండీ?" అని అడుగుతాం. ఆవిడకి చెవి సరిగ్గా వినపడదు, పైగా తెల్లకోటు, యూనిఫామ్ ఎవరేం అడిగినా "ఆఁ ఆఁ" అనేస్తుంది, కాదంటే ఎక్కడ కోప్పడతారోనని. అందుకే పేరు మనం చెప్పకూడదు. "మీ పేరు చెప్పండమ్మా, మీ ఇంటాయన పేరేంటి, ఏ ఊరు?" అని వాళ్లతో చెప్పించాలి, ఆ తర్వాత చేతి బ్యాండ్ మీద హాస్పిటల్ నంబర్ కేస్ షీట్‌తో కలపాలి. బెడ్ నంబర్ ఎప్పుడూ ఆధారం కాదు, మంచాలు మారుతూనే ఉంటాయి. రక్తం ఎక్కించేటప్పుడైతే ఇద్దరు నర్సులు మంచం పక్కనే, బ్యాగ్ చేతిలో పట్టుకుని, ఇద్దరూ విడివిడిగా చదవాలి. నర్సింగ్ స్టేషన్లో ఒకరు చదివితే రెండోవాళ్లు ఫోన్ చూస్తూ సంతకం పెట్టడం చెకింగ్ కాదు. శాంపిల్ ట్యూబ్‌కి లేబుల్ కూడా మంచం దగ్గరే అతికించాలి. నాలుగు ట్యూబులు జేబులో వేసుకుని వచ్చి తీరిగ్గా అతికించే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజుతో మానండి.

మందుల గురించి రెండే మాట్లాడతాను. పొటాషియం క్లోరైడ్, ఇన్సులిన్.

పొటాషియం తొందరగా చెప్పేస్తాను. 10 ఎంఎల్ ఆంప్యూల్, 15 శాతం, అందులో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. దాన్ని ఎప్పుడూ, ఏ కారణానికీ నేరుగా నరంలోకి తొయ్యకూడదు, గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపి, బాటిల్ తిరగేసి బాగా కదిపి, నిదానంగా ఎక్కించాలి, మామూలు వార్డులో గంటకి 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటించరు. ఇది మీ అందరికీ వచ్చు. నేను చూసేది వేరే. ఆ ఆంప్యూల్ మీ వార్డులో ఎక్కడుంది? స్టెరైల్ వాటర్ ఆంప్యూల్ పక్కనే అదే ట్రేలో ఉంటే, రెండూ ఒకే సైజు ప్లాస్టిక్‌వి అయితే, రాత్రి మూడింటికి లైట్లు తగ్గించి ఉంటే, మీరెంత జాగ్రత్తపరులైనా నాకు భయమే. విడిగా తాళం వేసిన అరలో, ఎర్ర స్టిక్కర్ వేసి ఉండాలి. అలా లేకపోతే అడగండి. మళ్లీ అడగండి.

ఇన్సులిన్ దగ్గర ఇంకాస్త ఆగుదాం. మన దేశంలో ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువగా దొరికేది ఎంఎల్‌కి 40 యూనిట్లది. పెన్ కార్ట్రిడ్జ్‌లో ఉండేది ఎంఎల్‌కి 100. 100 యూనిట్ల సీసాలూ ఉన్నాయి. సిరంజిలూ రెండు రకాలు. ఎర్ర మూత ఉన్నది 40 ఇన్సులిన్‌కి, నారింజ రంగు మూతది 100కి. ఇప్పుడు లెక్క వెయ్యండి. 40 ఇన్సులిన్‌ని నారింజ మూత సిరంజితో 10 గీత దాకా తీశారు. ఎన్ని యూనిట్లు వెళ్లాయి? (సభలోంచి: "నాలుగు") నాలుగే. షుగర్ దిగదు. రౌండ్స్‌లో డాక్టర్ చూసి డోసు పెంచుతారు. మర్నాడు ఇంకో సిస్టర్ సరైన సిరంజితో పెంచిన డోసు ఇస్తుంది, పేషెంటు చెమటలు పట్టి కళ్లు తేలేస్తాడు. ఎవరూ తప్పు చెయ్యనట్టే ఉంటుంది. ఇప్పుడు తిరగేయండి. 100 ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా తీస్తే? పాతిక. రెండున్నర రెట్లు. పెన్ సూది దొరకలేదని కార్ట్రిడ్జ్‌లోకి సిరంజి గుచ్చి తీసేవాళ్లని చూశాను, సరిగ్గా ఇదే జరిగేది అక్కడ.

మూత రంగు చూసుకోమని క్లాసులో చెప్తారు. బాగానే ఉంది. కానీ వార్డులో ఇంజెక్షన్ ట్రేలో ఆ సిరంజి మీ చేతికి వచ్చేసరికి మూత ఎక్కడుంది? ఎవరో తీసి పారేశారు, లేకపోతే వేరేదాని మూత దీనికి పెట్టారు. కాబట్టి మూత కాదు, సిరంజి ఒంటి మీద ఏం రాసుందో చదవండి, సీసా మీద ఎంఎల్‌కి ఎన్ని యూనిట్లో చదవండి, రెండూ ఒకే అంకె కావాలి. ఇంకొకటి, కేస్ షీట్‌లో డోసు పక్కన యూనిట్స్ అని పూర్తిగా రాయండి. యూ (U) అన్న ఒక్క ఇంగ్లీషు అక్షరం పెట్టి వదిలేస్తే, తొందరలో చదివినవాళ్లకి ఆ అక్షరం సున్నాలా కనపడి నాలుగు కాస్తా నలభై అవుతుంది.

ఇది డిశ్చార్జ్ రోజున ఇంకా ముఖ్యం. పేషెంటు ఊరెళ్లాక ఇన్సులిన్ ఒక షాపులో కొంటాడు, సిరంజిలు అయిపోతే పక్క షాపులో. వాళ్లు ఏది ఉంటే అది ఇస్తారు. వార్డులో మనం "అర్థమైందా అండీ?" అని అడుగుతాం, వాళ్లు "అర్థమైందమ్మా" అంటారు, మనం డిశ్చార్జ్ టీచింగ్ పూర్తి అని టిక్కు పెడతాం. అలా అడగొద్దు. సిరంజి వాళ్ల చేతికిచ్చి "ఇప్పుడు నాకు మీరు చూపించండి, రేపు ఇంట్లో ఎలా చేస్తారో" అనండి. ఇంట్లో సూది వేసేది ఎవరో కనుక్కోండి, ఎక్కువసార్లు కోడలో మనవడో అయ్యుంటారు, వాళ్లని పిలిపించండి. మీరు తెలుగులో చెప్పగలరు. వార్డులో మిగతా సిస్టర్స్ చాలామంది మలయాళం, తమిళం వాళ్లు, పాపం సైగలతో కష్టపడుతుంటారు. మిమ్మల్ని పిలిస్తే "నా పేషెంటు కాదు" అనకండి.

డాక్టర్‌కి ఫోన్ చెయ్యడం. కొత్త పిల్లలకి ఇంజెక్షన్ కన్నా దీనికే ఎక్కువ టెన్షన్. రాత్రి రెండింటికి నిద్రలోంచి లేపాలి, ఇంగ్లీషులోనో తమిళంలోనో మాట్లాడాలి, అవతలి మనిషి చిరాగ్గా ఉంటాడు. "సార్, తొమ్మిదో బెడ్ పేషెంట్ ఏదోలా ఉన్నాడు సార్" అని పెడతారు. ఏదోలా అంటే ఆయన పడుకునే ఏదో ఒకటి చెప్తాడు. అమెరికా నౌకాదళం సబ్‌మెరైన్లలో వాడిన పద్ధతి ఒకటి హాస్పిటళ్లలోకి వచ్చింది, ఎస్‌బార్ అంటారు, మీకు చెప్పే ఉంటారు. ఇప్పుడేమైంది, వెనక కథేంటి, నేనేం చూశాను, నాకేం కావాలి. అంతే. "సార్, నాలుగో వార్డు నుంచి స్టాఫ్‌ని. తొమ్మిదో బెడ్ పేషెంటు ఆయాసపడుతున్నారు. నిన్న పొట్ట ఆపరేషన్ అయింది. రెస్పిరేషన్ 26, సాచురేషన్ 95, పల్స్ 104, స్కోర్ 5. మీరు వచ్చి చూడాలి సార్." చివరి వాక్యం మనవాళ్లు మింగేస్తారు. పెద్దవాళ్లకి పని చెప్పినట్టు ఉంటుందని. చెప్పండి. ఫోన్ చేసేముందు కాగితం మీద రాసుకుని చదివినా తప్పులేదు, నేను పిల్లలతో నర్సింగ్ స్టేషన్లో నా ముందు ఒకసారి చదివించి తర్వాతే ఫోన్ చేయిస్తాను.

ఇప్పుడు నాకు కోపం వచ్చే విషయం ఒకటి. ట్రైనింగ్ రిజిస్టర్లు. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట, పేరు అనవసరం, ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే ముందువారం పాత తేదీలతో సంతకాలు పెట్టించేవాళ్లు. జరగని క్లాసులకి. డ్యూటీ మధ్యలో రిజిస్టర్ పట్టుకొచ్చి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు చూపించేవాళ్లు. ఎన్‌ఏబీహెచ్ లాంటి హాస్పిటల్ నాణ్యత గుర్తింపుల్లో స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇవ్వాలి, వాళ్లకి పని వచ్చో లేదో చూడాలి అని పెట్టింది మంచి ఉద్దేశంతోనే. దాన్ని కాగితం చేసింది మనమే. జరగని క్లాసుకి సంతకం పెట్టిన పిల్ల మీద రేపు ఏదైనా కేసు వస్తే, ఆ సంతకమే చూపించి "మేం నేర్పించాం, తనే తప్పు చేసింది" అంటారు. అది మాత్రం గుర్తుంచుకుని పెన్ను తియ్యండి.

ఈ ఊళ్లో, సెంట్రల్ స్టేషన్ దగ్గరి జనరల్ హాస్పిటల్లో, 1871లోనే నర్సులకి శిక్షణ మొదలుపెట్టారు. అంతకుముందు 1854లో మంత్రసానుల స్కూలు. ఆ రోజుల్లో చదువంటే వార్డే. ఇప్పుడు కాలేజీ ఒక చోట, పోస్టింగ్ ఇంకో చోట, కొన్ని కాలేజీలకైతే పోస్టింగ్ లాగ్‌బుక్‌లోనే ఉంటుంది. నాలుగేళ్లు బీఎస్సీ చదివి ఒక్క క్యానులా కూడా సొంతంగా పెట్టకుండా వచ్చినవాళ్లు మా దగ్గర చేరుతుంటారు. వాళ్లని చూసి సీనియర్లు నవ్వుతారు. నాకు నవ్వు రాదు, ఫీజు కట్టిన వాళ్ల నాన్న గుర్తొస్తాడు.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ బ్రదర్, చెప్పండి.

(ప్రశ్న: సీనియర్‌ని డౌట్ అడిగితే "ఇది కూడా రాదా, ఏ కాలేజీ నీది" అంటారు. ఏం చెయ్యాలి?)

అంటారు. అనేవాళ్లు ప్రతి వార్డులో ఉంటారు. "నాకు రాదు" అని మొదలుపెట్టకండి, పని పేరుతో మొదలుపెట్టండి. "అక్కా, పొటాషియం కలుపుతున్నా, ఒకసారి నాతో చెక్ చెయ్యరా" అనండి. అందులో మీకు వచ్చా రాదా అన్న మాటే లేదు, ఇద్దరు చూడాల్సిన మందు అది, ఆవిడ కాదనలేదు. చెక్ చేస్తూ ఆవిడ ఏం చూస్తుందో మీరు చూడండి, సగం అక్కడే నేర్చుకుంటారు. అయినా తిడితే తిట్టనివ్వండి, మందు మాత్రం చెక్ అయ్యాకే ఇవ్వండి. ఇంకో మాట, రెండేళ్ల తర్వాత మీ దగ్గరికి ఫ్రెషర్ వస్తాడు కదా, అప్పుడు మీరేమంటారో నేను వచ్చి చూస్తాను. (నవ్వులు)

(ప్రశ్న: సూది గుచ్చుకుంటే ఇన్‌ఛార్జ్ తిడుతుందని చెప్పడానికి భయం మేడమ్.)

తల్లీ, ఇది భయపడే విషయం కాదు, టైమ్ విషయం. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. సబ్బుతో, పారే నీళ్లతో కడుక్కోవాలి. వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, రెండు గంటల్లోపు అయితే బాగా మంచిది, 72 గంటలు దాటితే ఇక లాభం ఉండదు. ఇన్‌ఛార్జ్ లేకపోతే క్యాజువాలిటీకి వెళ్లండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయా మీకు? అవ్వలేదా? రేపే కనుక్కోండి. అందరూ.

(ప్రశ్న: ఎడ్యుకేటర్ అవ్వాలంటే ఏం చదవాలి? జీతం ఎక్కువా?)

జీతం సంగతి ముందు చెప్పేస్తాను, పెద్ద తేడా ఉండదు. నైట్స్ తగ్గుతాయి, దాంతో నైట్ అలవెన్సూ పోతుంది. (నవ్వులు) చదువంటే, బీఎస్సీ ఉంటే బాగుంటుంది, ఎమ్మెస్సీ అడిగేచోట్లూ ఉన్నాయి, జీఎన్ఎమ్ నర్సింగ్ డిప్లొమా చేసి వార్డులో బాగా పండినవాళ్లని తీసుకున్న హాస్పిటళ్లూ ఉన్నాయి. ఆంధ్రాలో రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఇక్కడి తమిళనాడు కౌన్సిల్లో కూడా నమోదు చేయించుకోండి, వాయిదా వెయ్యకండి. మిగతాది వార్డే. నాలుగైదేళ్లు మంచాల మధ్య తిరగకుండా నేరుగా ఎడ్యుకేటర్ అయిపోదామంటే మీ మాట ఆయా కూడా వినదు, వినక్కర్లేదు కూడా.

సరే, టీ వస్తోందంటున్నారు. ఈలోపు ఈ టేబుల్ దగ్గరికి రండి. రెండు ట్రేల నిండా ఇన్సులిన్ సిరంజిలు తెచ్చాను, మూతలు, సూదులు అన్నీ తీసేసి కలిపేశాను. ఒక్కొక్కరు రెండు తీసుకుని ఏది నలభైదో, ఏది వందదో చెప్పి వెళ్లండి. కళ్లజోడు ఉన్నవాళ్లు పెట్టుకునే రండి, ఆ అంకెలు చాలా చిన్నవి.